పైకి అందం కోసం

ఆ ఏడాది వానలు పట్టుకున్న వారానికే మా కోడలి కుడిచెయ్యి ఒంటికి అతుక్కుపోయింది.

అతుక్కోవడమంటే జిగురు పెట్టినట్టు కాదు. ఎండాకాలంలో ఆమె పనిచేసే లాండ్రీలో ఆవిరి గొట్టం ఊడి మీద పడింది. చంకా, భుజం, మెడ దాకా కాలాయి. నెలన్నర ఆసుపత్రిలో ఉంచి పుండు మాన్పారు. ఆ ఖర్చు లాండ్రీవాళ్ళు కట్టిన ఇన్సూరెన్సే చూసుకుంది. గండం గడిచిందని మేం ఊపిరి పీల్చుకునేసరికి, మానిన చర్మం ఎండిన తోలులా ముడుచుకోవడం మొదలుపెట్టింది. రోజుకి కాస్త కాస్తగా చెయ్యిని పక్కటెముకల వైపు లాక్కుంది. మొదట జుట్టు ముడి వేసుకోవడం పోయింది. తరవాత గూట్లో డబ్బా తీయడం పోయింది. వానలు మొదలయ్యేసరికి మోచెయ్యి జానెడు కూడా పక్కకి జరగడం లేదు.

ఇంట్లో మేం ముగ్గురం. నేను బస్టాండు బయట రేకుల చూరు కింద కూర్చుని గొడుగులు బాగుచేస్తాను. మా వాడు సరుకుల వ్యాను తోలుతాడు. ముగ్గురిలో మాట్లాడేది మా కోడలు. నాకు మాటలు రావని కాదు, వాటితో పెద్దగా పని పడలేదు. మా వాడికి మాట్లాడటం రాదు, అరవడమే వచ్చు. ఆ పిల్ల లాండ్రీ నుంచి రాగానే సూపర్‌వైజరు నడకా, హోటలువాళ్ళ ఫోన్లూ, దుప్పట్ల మడతల్లో దొరికిన కట్టుడుపళ్ళ సంగతీ అన్నీ అభినయించి చెప్పేది. నేను నవ్వేవాణ్ణి కాదు గానీ, అవి వినడానికే పెందరాళే పెట్టె సర్దుకుని వచ్చేవాణ్ణి.

ఆమె పని ఇలా ఉంటుంది. ఉతికిన దుప్పటి రెండు మూలలూ పట్టుకుని తలకి పైనున్న క్లిప్పులకి తగిలించాలి. మిషను లాక్కుని ఇస్త్రీ చేసి అవతల పడేస్తుంది. రెండు చేతులూ ఒక్కసారే పైకి వెళ్ళాలి. అలా వెళ్ళకపోతే ఆ పని లేదు. పని లేకపోతే ఇన్సూరెన్సూ లేదు. వానాకాలం అయ్యేదాకా తువ్వాళ్ళు మడతపెట్టే బల్ల దగ్గర కూర్చోమన్నారు. ఆ తరవాతి సంగతి తరవాత చూద్దామన్నారు.

ముగ్గురం కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆమె కోడలి చెయ్యి పట్టుకుని పక్కకి లాగి చూసింది. కోడలు పెదవి కొరుక్కుంది.

"ఈ ముడత కోసి విడదీసి, తొడ మీద చర్మం తీసి ఇక్కడ అతకాలి" అంది డాక్టరమ్మ. "తొందరగా చేయించుకోండి. ఇంకో మూడు నెలలు దాటితే లోపల కీలు బిగుసుకుంటుంది. అప్పుడు కొత్త చర్మం వేసినా చెయ్యి లేవదు."

"ఈ ఆపరేషన్ని ఏమంటారండీ?" అన్నాడు మా వాడు.

"ప్లాస్టిక్ సర్జరీ."

"ప్లాస్టిక్ పెడతారా?"

"పెట్టం. పేరే అంత."

నాకు తెలిసిన ప్లాస్టిక్ గొడుగు పిడి ఒక్కటే. ఆ మాట నేను పైకి అనలేదు గానీ నా మొహం చూసి కోడలు కనిపెట్టేసింది.

"మామయ్యా, మంచి పిడి చూసి ఉంచండి. నాకూ ఒకటి బిగిస్తారట" అంది.

డాక్టరమ్మ కూడా నవ్వింది. ఆ గదిలో అందరం బాగానే ఉన్నాం ఆ రోజు.

ఆపరేషన్‌కి ముందే ఇన్సూరెన్సువాళ్ళ అనుమతి కావాలి. దానికో ఫారం. లాండ్రీ ఆఫీసు గుమాస్తా ఇచ్చి, నింపి తెమ్మన్నాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం, మా వాడు వ్యాను వేసుకుని పోయాక, కోడలు ఆ ఫారం తెచ్చి నా ముందు పరిచింది. ఎడంచేత్తో పెన్ను అందించింది.

"మీ చేతిరాత కావాలి మామయ్యా. నా రాత మీకు తెలుసుగా, ప్రస్తుతానికి పక్కటెముకలకి అతుక్కుని ఉంది."

నేను మూడో తరగతి దాకా చదివాను. మా వీధిలో నా వయసువాళ్ళలో అంతదాకా వెళ్ళినవాళ్ళు లేరు. పార్సిళ్ళ మీద చిరునామాలు రాయించుకోవడానికి నా దగ్గరికే వచ్చేవాళ్ళు. గుండ్రంగా, ఒకదానికొకటి తగలకుండా రాస్తానని పేరు. నెమ్మదిగా రాస్తానని కూడా పేరే.

పేరు, వయసు, చేసే పని, కాలిన తారీఖు రాశాను. కింద ఒక ప్రశ్న ఉంది. ఈ ఆపరేషన్ ఎందుకు కోరుతున్నారు, మీ సొంత మాటల్లో ఒక్క వాక్యంలో రాయండి, అని. దాని ఎదురుగా ఒక్క గీత.

"ఏం రాయమంటావమ్మా?"

"ఏముంది, చెయ్యి పైకి అందడం కోసం."

"లాండ్రీలో క్లిప్పుల సంగతి?"

"ఒక్క వాక్యమే అన్నారు కదా. మీకు సరిపోయే లెక్క అది. రోజు మొత్తానికి మీరు మాట్లాడేదీ అంతే."

నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని ఒక్కో అక్షరమే రాశాను. గీత కురచ. చివరికి వచ్చేసరికి చోటు చాలదేమోనని కాస్త దగ్గర దగ్గరగా పెట్టాను. రాసి, చదివి వినిపించాను.

"కుడి చెయ్యి పైకి అందడం కోసం."

"బ్రహ్మాండం. ఇక్కడ 'ఫారం నింపినవారు' అని ఉంది చూడండి, సంతకం పెట్టండి."

పెట్టాను. కింద ఒక గీత కూడా లాగాను. తను పక్కన ఎడంచేత్తో కోడి గీకినట్టు గీకింది. దాన్ని చూసి తనే నవ్వుకుంది. మర్నాడు తీసుకెళ్ళి ఇచ్చేసింది.

జవాబు మూడు వారాలకి వచ్చింది. వాన పడుతుంటే పోస్టుమాన్ కవరు తలుపు కింది నుంచి తోసి పోయాడు. మా వాడు అప్పుడే వ్యాను పెట్టి లోపలికి వచ్చి, తడిచేతుల్తోనే చింపాడు. నేను కిటికీ పక్కన కూర్చుని ఒక పెద్ద గొడుగు ఊచలకి కొత్త గుడ్డ కుడుతున్నాను. కోడలు గుమ్మంలో నిలబడింది.

మా వాడు గట్టిగానే చదివాడు.

"రోగి స్వయంగా 'కుడి చెయ్యి పైకి అందం కోసం' అని తెలిపినందువల్ల, ఇది అందం కోసం చేయించుకునే చికిత్సగా పరిగణించడమైనది. ఇటువంటి చికిత్సకు పాలసీ వర్తించదు. అభ్యంతరం ఉన్నచో ముప్పై రోజుల్లోగా తెలుపవలెను." కాగితం దించి పెళ్ళాం వైపు చూశాడు. "పైకి అందం కోసమట! చేతికి అందమేంటే?"

"నేనలా చెప్పలేదండీ. అందడం అన్నాను. చెయ్యి పైకి అందడం. డ పోయింది."

"డ పోయిందా? ఎక్కడికి పోయింది, సినిమాకా?"

"రాసేటప్పుడు జారిపోయింది."

"నాలాంటివాడు రాస్తే జారుతుంది. ఆఫీసుకిచ్చే కాగితంలో ఎలా జారుతుందే? ఎవడు రాశాడు?"

కోడలు నా వైపు చూసింది.

దారం కొస నా పళ్ళ మధ్య ఉంది. ఆ ఫారం నాకు కళ్ళకి కట్టినట్టు కనబడుతోంది. కురచ గీత, చివర దగ్గర దగ్గరగా పెట్టిన అక్షరాలు. చదివి వినిపించినప్పుడు నేను చదివింది కాగితం మీద ఉన్నది కాదు, నా మనసులో ఉన్నది. దారం కొస తీస్తే మాట వచ్చేది. తీయలేదు.

"ఎవరో ఒకరు" అంది కోడలు.

"ఆ ఎవరో ఒకరికి అక్షరం ముక్క రాదని చెప్పు. అయినా వాణ్ణెందుకు అనడం? నువ్వు అద్దం ముందు నిలబడి మెడ చూసుకుని ఏడవడం నేను చూడలేదనుకున్నావా? మనసులో ఉన్నదే నోట్లోంచి వచ్చింది. వాడు విన్నదే రాశాడు."

"రాసినవాళ్ళే వచ్చి చెబితే నమ్ముతారా?"

"రమ్మను, చూద్దాం."

ఆమె ఇంకోసారి నా వైపు చూడలేదు. లోపలికి వెళ్ళిపోయింది. మా వాడు కాగితం నాలుగు మడతలు పెట్టి గూట్లో పడేసి, నా ముందు కూర్చుని బూట్లు విప్పుకున్నాడు.

"చూశావా నాన్నా! అంత పెద్ద ఆసుపత్రి, అంత మంది డాక్టర్లు, ఒక్క మాట దగ్గర బోర్లా పడింది" అన్నాడు.

నేను కుడుతూనే ఉన్నాను.

ఒక సంగతి చెప్పాలి. మా వాడికి అక్షరాలు నేర్పింది నేనే. వాడు ఒత్తు మరిచినా, దీర్ఘం మింగినా, గొడుగు ఊచతో వేళ్ళ కణుపుల మీద కొట్టేవాణ్ణి. "మూడో తరగతి చదివినవాణ్ణి నేనెప్పుడైనా తప్పు రాశానా? నీకేం రోగం?" అనేవాణ్ణి. వాడు దెబ్బలకి భయపడే బడి మానేశాడని వాళ్ళమ్మ చచ్చేదాకా అంటూనే ఉండేది. వాడి చూపుడువేలు కణుపు ఇప్పటికీ సరిగ్గా వంగదు. స్టీరింగు పట్టుకుంటే ఆ వేలు ఒక్కటీ విడిగా నిలబడుతుంది. వాడి పక్కన కూర్చుని వెళ్ళినప్పుడల్లా నేను అవతలి కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాను.

రాసింది నేనే. రెండు మాటలు. అవి వాడి ముందు అనడం నా వల్ల కాలేదు.

రెండు రోజుల తరవాత కోడలు లాండ్రీ ఆఫీసుకి వెళ్ళి కనుక్కుని వచ్చింది. భోజనాల దగ్గర చెప్పింది. మా ఇద్దరిలో ఎవరి మొహమూ చూడకుండా, ఎదురు గోడకి చెప్పినట్టు చెప్పింది.

"చెయ్యి కదలడం కోసమేనని డాక్టరమ్మ ఇంకో కాగితం రాసిచ్చింది. అదొక్కటే చాలదట. ఫారం నింపినవాళ్ళు స్వయంగా వచ్చి, పొరపాటు నాది అని రాసి సంతకం పెట్టాలట. రెండు చేతిరాతలూ కలవాలట. గడువులోగా అయితే వెంటనే ఒప్పుకుంటారని గుమాస్తాగారు అన్నారు."

"ఇంకేం, వెళ్ళి ఆ మహానుభావుణ్ణి పట్టుకురా" అన్నాడు మా వాడు. "నేను మాత్రం నీ అందం కోసం ఆఫీసుల చుట్టూ తిరగను. బండి కిరాయిలు పోతాయి."

నేను చెయ్యి కడుక్కుని లేచాను.

మర్నాటి నుంచి ఇంట్లో పని పెట్టుకున్నాను. ముందు గూట్లోని సామాను అడుగున ఉన్న అరలోకి మార్చాను. తరవాత అద్దం మేకు పీకి జానెడు కిందికి కొట్టాను. తలుపు పైగడియ తీసి నడుము ఎత్తులో బిగించాను. చొక్కాలు తగిలించే కొక్కేలు, బట్టలారేసే తాడు, నీళ్ళ చెంబు పెట్టే గోడ బల్ల, అన్నీ దించాను. నా దగ్గర సుత్తీ పట్టకారూ ఎప్పుడూ ఉంటాయి. గొడుగుల పని అయ్యాక రోజూ సాయంత్రం ఇంటికి వచ్చి ఏదో ఒకటి దించేవాణ్ణి.

ఒకరోజు మా వాడు చీకట్లో వస్తూ బట్టల తాడు మెడకి తగిలి ఆగిపోయాడు.

"ఇదేంటి నాన్నా! ఇల్లేమైనా కుంగిపోతోందా?"

"దాని చేతికి అందదని" అన్నాను.

"దానికి అందడం సరే, నా పీక తెగితే?" అని సణుక్కుంటూ వంగి లోపలికి వెళ్ళాడు.

గూట్లో సామాను దించిన రోజు కోడలు నవ్వింది. అద్దం దించిన రోజు, "బాగుంది మామయ్యా" అంది. గడియ దించిన రోజు ఏమీ అనలేదు. తాడు దించిన మర్నాడు తడిబట్టలు ఎడంచేత్తో ఆరేస్తూ, వెనక్కి తిరక్కుండా అడిగింది.

"లాండ్రీలో క్లిప్పులు కూడా దించి వస్తారా మామయ్యా?"

నేను మేకులు డబ్బాలో వేసి మూత పెట్టాను. ఆ తరవాత ఇంకేమీ దించలేదు.

ఆ నెల మధ్యలో వానలు తెరిపిచ్చాయి. నాలుగు రోజులు ఎండ కాసింది. బస్టాండులో బురద ఎండి పెచ్చులు లేచింది. నా పక్కన వాచీలు బాగుచేసే ఆయన కూర్చుంటాడు. వరస లేకపోయినా నన్ను బావా అంటాడు. మూడో రోజు మధ్యాహ్నం కోడలు వచ్చింది. లాండ్రీలో భోజనాల బెల్లు కొట్టగానే బస్సెక్కి వచ్చిందట. చెమటతో లాండ్రీలో ఇచ్చిన చొక్కా కాలరు మెడ మీది మచ్చకి అంటుకుని ఉంది. నిలబడే మాట్లాడింది.

"రేపు పదింటికి నాతో ఆఫీసుదాకా వస్తారా మామయ్యా? ఒక్క సంతకం. పావుగంట పని."

నేను పట్టకారు తుడుస్తున్నాను.

"ఆయనకి మీరు చెప్పక్కర్లేదు. నేనూ చెప్పను. నేనే చెప్పేద్దునేమో గానీ, మీ మీద చాడీ చెప్పినట్టుంటుంది. నమ్మడు కూడా. మీరొస్తే చాలు."

ఆలోచించాను. సంతకం పెడితే మళ్ళీ కాగితం ఇంటికే వస్తుంది. ఫలానా ఆయన రాసిన పొరపాటు వల్ల అని అందులో ఉంటుంది. మా ఇంట్లో కాగితాలు చదివేది మా వాడు. వాడు చదువుతూ ఆ వంకర వేలు ఆ మాట కింద పెట్టుకుంటాడు. చదివేటప్పుడు వేలు పెట్టుకోవడం వాడికి నేను నేర్పిన అలవాటే.

"రేపు పనుందమ్మా" అన్నాను. "వానాకాలం కదా."

ఆమె నా ముందున్న గోనెపట్టా వైపు చూసింది. దాని మీద సూదీ, దారపు ఉండా, పట్టకారూ ఉన్నాయి. తల ఎత్తి ఆకాశం చూసింది.

"సరే మామయ్యా" అంది. "బస్సు పోతుంది."

ఆమె రోడ్డు దాటేదాకా ఆగి వాచీలాయన కళ్ళద్దం పైకి తోసుకున్నాడు.

"ఏం పని బావా రేపు? ఎండని బాగుచేస్తావా?"

మర్నాడు పొద్దున్నే వెళ్ళి అక్కడే కూర్చున్నాను. చీకటి పడేదాకా ఒక్క గొడుగూ రాలేదు.

ఆ తరవాత వానలు మళ్ళీ పట్టుకున్నాయి. అప్పుడు నిజంగానే తల ఎత్తే తీరిక లేకుండా పోయింది. ముప్పై రోజులు ఎప్పుడు అవుతాయో నాకు తెలుసు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూనే ఉన్నాను. కోడలు ఇంకోసారి అడిగితే వెళ్దామనుకున్నాను. అడగలేదు. అడగకుండా ఉండటమే నాకు తేలిగ్గా ఉండేది. ఎంత తేలిగ్గా ఉండేదో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఒక సాయంత్రం జోరుగా వాన. బస్సు ఆగింది. జనం గొడుగులు టపటపా విప్పుకుని దిగిపోతున్నారు. చివర్న మా కోడలు దిగింది. ఎడంచేత్తో గొడుగు కర్ర పట్టుకుని, కుడిచేత్తో లోపలి గొట్టాన్ని పైకి తోస్తోంది. అది పైనున్న చిన్న కొక్కేనికి తగులుకోవాలంటే చెయ్యి మెడ దాటి పైకి వెళ్ళాలి. వెళ్ళడం లేదు. గొట్టం సగంలో ఆగుతోంది. ఆమె ఒళ్ళంతా ఒక పక్కకి వంచి, ఒంటికాలి మీద నిలబడినట్టు నిలబడి, మళ్ళీ తోసింది. దారిన పోయే కుర్రదొకతె నవ్వి, పక్కదాన్ని పొడిచింది. చివరికి ఆమె ఆ సగం తెరుచుకున్న గొడుగునే నెత్తిన పెట్టుకుని నడిచింది. సగం రెక్కలు వేలాడుతున్నాయి. నేను బాగుచేసి ఇచ్చిన గొడుగే అది. నేను కూర్చున్న చోటు ఆమెకి ఇరవై అడుగులు లేదు. ఆమె ఇటు తిరగలేదు. నేను లేవలేదు.

మర్నాడు పొద్దున్న పెట్టె తెరవకుండా లాండ్రీ ఆఫీసుకి వెళ్ళాను. చిన్న గది. గోడ అవతల మిషన్ల చప్పుడికి బల్ల మీది గాజుగ్లాసు వణుకుతోంది. గుమాస్తా కళ్ళజోడు తాడు కట్టి మెళ్ళో వేసుకున్న మనిషి. నేను ఫలానా అని చెప్పుకున్నాను. ఫారం రాసింది నేనేనని చెప్పాను. ఆ రెండు మాటలూ ఆయన ముందు తడుముకోకుండా వచ్చాయి.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని నన్ను చూశాడు. అరలోంచి ఫైలు తీసి, నేను నింపిన ఫారం నా వైపు తిప్పాడు. నా అక్షరాలు. గుండ్రంగా, ఒకదానికొకటి తగలకుండా ఉన్నాయి. పైకి అందం కోసం. సున్నా ఎంతో చక్కగా వచ్చింది.

"గడువు అయిపోయి నాలుగు రోజులైందండీ పెద్దాయనా."

"ఇప్పుడు పెడతాను సంతకం. ఎన్ని కావాలంటే అన్ని."

"పెడితే నేను తీసుకుంటాను. అవతల వాళ్ళ కంప్యూటరు తీసుకోదు. తారీఖు దాటితే ఆ పేజీ మూసుకుపోతుంది." ఆయన గొంతు తగ్గించాడు. "ఆ అమ్మాయి మూడుసార్లు వచ్చింది. మా మామయ్యగారు వస్తారు, కాస్త మొహమాటస్తుడు, ఇంకో రెండు రోజులు ఆగండి అంది. ఆఖరి రోజు సాయంత్రం ఆరు దాకా ఇక్కడే, ఆ బెంచీ మీద కూర్చుంది."

నేను ఆ బెంచీ వైపు చూశాను. చెక్క బెంచీ. ఎవరిదో టిఫిన్ డబ్బా ఉంది దాని మీద.

"మళ్ళీ కొత్తగా పెట్టుకోకూడదా?"

"పెట్టుకోవచ్చు. దానికో మూడు నెలలు పడుతుంది. కానీ నెలాఖరుకి తువ్వాళ్ళ బల్ల దగ్గర మనుషుల్ని తగ్గిస్తున్నారు. ఆవిడ పేరు ఉంది. పేరు తీసేశాక ఇక ఇన్సూరెన్స్ ఏముంటుంది చెప్పండి?"

కూర్చోమన్నాడు. మంచినీళ్ళు తాగమన్నాడు. నేను బయటికి వచ్చేశాను. గేటు పక్కన కిటికీలోంచి దుప్పట్లు వేసే మిషను కనబడింది. ఇద్దరు ఆడవాళ్ళు చేతులు ఎత్తుతున్నారు, దించుతున్నారు, ఎత్తుతున్నారు. క్లిప్పులు నేననుకున్నంత ఎత్తులో ఏమీ లేవు.

ఆఫీసుకి వెళ్ళిన సంగతి ఇంట్లో చెప్పలేదు. చెప్పి ఇప్పుడేం లాభం అనుకున్నాను. గడువు ఉన్నప్పుడు భయం అడ్డొచ్చింది, గడువు దాటాక లాభం లేదనే మాట అడ్డొచ్చింది. గుమాస్తా కోడలికి చెప్పాడో లేదో తెలియదు. చెప్పే ఉంటాడు. ఆ సాయంత్రం నాకు టీ ఇచ్చేటప్పుడు ఆమె గ్లాసు నా చేతికి ఇవ్వలేదు. నా పక్కన నేల మీద పెట్టి వెళ్ళింది. అప్పట్నుంచీ అలాగే పెడుతోంది.

నెలాఖరుకి లాండ్రీలో పేరు తీసేశారు. కోడలు ఇంట్లోనే ఉంటోంది. సూపర్‌వైజరు నడక లేదు, హోటలువాళ్ళ ఫోన్లు లేవు. అడిగినదానికి జవాబు చెబుతుంది. నేను అడిగేది ఏముంది గనక? మా వాడు మాత్రం ఆ మాట వదల్లేదు. వాడికది వేళాకోళం.

"అందగత్తెగారూ, కాసిని టీనీళ్ళు దొరుకుతాయా?"

"అందగత్తె అలిగిందా?"

వాడన్నప్పుడల్లా ఆమె చేస్తున్న పని ఒక్క క్షణం ఆపి మళ్ళీ చేసుకునేది. వాడన్నప్పుడల్లా నేను అక్కడే ఉండేవాణ్ణి.

ధర్మాసుపత్రిలో పేరు రాయించాం. మా ముందు చాలామంది ఉన్నారు. వానలు వెనకపట్టాయి, చలి వచ్చింది, చలి ముదిరాక మా వంతు వచ్చింది. ఆపరేషన్ చేశారు. తొడ చర్మం తీసి చంకలో అతికారు. ఇరవై రోజులకి కట్లు విప్పుతామంటే ముగ్గురం వెళ్ళాం.

కుర్ర డాక్టరు. నెమ్మదైనవాడు. కట్టు విప్పి, అతికిన చర్మం వేలితో నొక్కి చూసి, బాగా పట్టిందన్నాడు. మా వాడు "హమ్మయ్య" అన్నాడు. డాక్టరు కోడలి మణికట్టు పట్టుకుని మెల్లగా పైకి ఎత్తాడు. చెయ్యి నడుము దాటింది, రొమ్ము దాటింది, భుజం దాకా వచ్చి ఆగింది. ఆయన ఇంకాస్త బలం పెట్టాడు. ఆమె చెయ్యితో పాటు ఒళ్ళంతా లేచింది గానీ చెయ్యి లేవలేదు.

"ఇంతేనమ్మా" అన్నాడు. "చర్మం వదిలింది. లోపల కీలు బిగుసుకుపోయింది. అది ఇక రాదు."

ఆమె తన చెయ్యి వైపే చూస్తోంది. డాక్టరు దాన్ని జాగ్రత్తగా ఒళ్ళోకి దించి, బల్ల దగ్గరికి వెళ్ళి కాగితం తీశాడు.

"ఇది కాలిన మూడు నాలుగు నెలల్లోనే చేయించుకోవాల్సింది. ఇంత ఆలస్యం ఎందుకు చేశారు?"

మా వాడు నోరు తెరిచాడు.

"అది కాదండీ, ఇన్సూరెన్సుకి పెడితే ఈవిడగారు పైకి..."

"వానలండీ" అంది కోడలు.

మా వాడు ఆగిపోయాడు. డాక్టరు పెన్ను పట్టుకుని ఆమె వైపు చూశాడు.

"వానలా?"

"అవునండీ. ఈసారి వానలు ఎక్కువ. మామయ్యకి తీరిక లేకపోయింది."

డాక్టరుకి అర్థం కాలేదు. గోడ పక్కన స్టూలు మీద కూర్చున్న నా వైపు తిరిగాడు.

"వానల వల్లేనా పెద్దాయనా?"

కోడలు కూడా నా వైపు చూసింది. తువ్వాలు భుజం మీద కప్పుకుంటూ, ఏ కోపమూ లేకుండా, బస్సు వస్తుందా లేదా అని చూసినట్టు చూసింది. మా వాడు చూశాడు. గదిలో నలుగురం ఉన్నాం. ఎవరికీ తొందర లేదు.

అవునన్నట్టు తల ఊపాను.